చిమ్మటలు: అన్వేషణ, గుర్తింపు, ప్రకృతిలో పాత్ర

నిర్వచనం

చిమ్మటలు పొలుసు రెక్కల కీటకాలు. జంతుశాస్త్రం వీటిని లెపిడోప్టెరా అనే క్రమంలో చేరుస్తుంది. ఆ క్రమంలో సీతాకోకచిలుకలను పక్కన పెడితే మిగిలిన కుటుంబాలన్నిటికీ కలిపి చిమ్మటలు అనే పేరు వాడుకలో ఉంది. రైతులు వీటిని రెక్కల పురుగులనీ, పైరు మీద గుడ్లు పెట్టే ఆడవాటిని తల్లి పురుగులనీ అంటారు. బట్టల పెట్టెలో ఉన్ని కొరికే పురుగు, వీధి దీపం చుట్టూ తిరిగే పురుగు, వరి దుబ్బులో మొవ్వు ఎండగొట్టే పురుగు, పట్టు ఇచ్చే పురుగు అన్నీ ఈ సమూహంలోనివే.

ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన పొలుసు రెక్కల కీటకాలు సుమారు 1,60,000 జాతులు. వాటిలో సీతాకోకచిలుకలు 18 వేల పైచిలుకే. తక్కినవన్నీ చిమ్మటలు. భారతదేశంలో 1,300కు పైగా సీతాకోకచిలుక జాతులుంటే చిమ్మట జాతులు 10,000 దాటాయి. మన ప్రాంతంలో చిమ్మటల గురించి తెలుగులో రాసినదంతా దాదాపుగా పంటను తినే కొద్ది జాతుల గురించే. పంటతో సంబంధం లేని వేల జాతులకు వాడుక పేర్లు కూడా లేవు.

పుట్టుక, వర్గీకరణ

జర్మనీలో తవ్వి తీసిన సుమారు 20 కోట్ల ఏళ్ళ నాటి అవక్షేపాల్లో రెక్క పొలుసుల అవశేషాలు కనిపించాయి. ఇంగ్లండులోని డోర్సెట్ తీరంలో దొరికిన ఆర్కియోలెపిస్ మానే శిలాజానికి సుమారు 19 కోట్ల ఏళ్ళు. అంటే నేలను పూల మొక్కలు ఆక్రమించక ముందే చిమ్మటల పూర్వజాలు ఉన్నాయి. ఆ పాత కాలపు లక్షణం మైక్రోప్టెరిజిడే కుటుంబంలో నేటికీ మిగిలి ఉంది. వాటికి పీల్చే తుండం ఉండదు, దవడలతో పుప్పొడి నమిలి తింటాయి.

సీతాకోకచిలుకలు సుమారు 10 కోట్ల ఏళ్ళ కిందట చిమ్మటల్లోని ఒక శాఖ నుంచి చీలి వచ్చాయి. కాబట్టి చిమ్మటలు, సీతాకోకచిలుకలు అనేవి రెండు సమాన విభాగాలు కావు. వంశవృక్షంలో సీతాకోకచిలుకలు పగటి జీవితానికి అలవాటుపడిన ఒక కొమ్మ మాత్రమే. 1758లో లిన్నేయస్ ఈ క్రమాన్ని పపీలియో, స్ఫింక్స్, ఫలీనా అని మూడు ప్రజాతులుగా విభజించాడు. వాటిలో చివరి రెండూ చిమ్మటలవే.

అధ్యయన చరిత్ర

కీటకాలు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని యూరప్‌లో చాలామంది నమ్మిన కాలంలో జర్మనీకి చెందిన చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ గొంగళి పురుగులను పెంచి, అవి ప్యూపాలుగా, రెక్కల పురుగులుగా మారడాన్ని బొమ్మలు గీసి చూపింది. ప్రతి పురుగునూ అది తినే మొక్క మీదే చిత్రించడం ఆమె పద్ధతి. ఆమె తొలి గొంగళి గ్రంథం 1679లో, దక్షిణ అమెరికాలోని సూరినామ్ కీటకాలపై గ్రంథం 1705లో వెలువడ్డాయి. పురుగును, దాని ఆహారపు మొక్కను కలిపి చూడాలన్న ఆమె దృష్టి చిమ్మటల అధ్యయనానికి ఇప్పటికీ మూలాధారం.

భారతదేశపు చిమ్మటలకు తొలి సమగ్ర గ్రంథం జార్జ్ ఫ్రాన్సిస్ హాంప్సన్ రాసినది. నీలగిరుల్లో తోటల యజమానిగా ఉన్నప్పుడు ఆయనకు ఈ కీటకాలపై ఆసక్తి కలిగింది. లండన్ వెళ్ళి, బ్రిటిష్ మ్యూజియం సేకరణల ఆధారంగా ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో చిమ్మటలపై నాలుగు సంపుటాలు 1892–1896 మధ్య ప్రచురించాడు. వాటిలో 5 వేలకు పైగా జాతుల వర్ణన ఉంది. ఎడ్వర్డ్ మెయ్రిక్ అతి చిన్న చిమ్మటలపై పనిచేశాడు. ఉత్తర కన్నడ అడవుల్లో అటవీ అధికారిగా పనిచేసిన టి.ఆర్. బెల్, ఎఫ్.బి. స్కాట్‌తో కలిసి హాక్‌మాత్‌ల (స్ఫింజిడే కుటుంబపు చిమ్మటల) సంపుటాన్ని 1937లో తెచ్చాడు. గొంగళి దశ, ఆహారపు మొక్కల వివరాలు అంత ఓపికగా నమోదైన పుస్తకాలు అరుదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాలపై 1914లో ప్రచురించిన గ్రంథం పంటలను తినే చిమ్మటల సమాచారానికి చాలాకాలం ఆధారంగా నిలిచింది. 1916లో కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ దీపపు ఎరలతో, లింగాకర్షక బుట్టలతో శనగపచ్చ పురుగు రాకపోకలను ఏళ్ళ తరబడి నమోదు చేసింది.

జీవిత దశలు

చిమ్మట జీవితంలో గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు అని నాలుగు దశలుంటాయి (చూ. సంపూర్ణ రూపవిక్రియ). తిండి తిని పెరిగేది గొంగళి దశలోనే. చర్మం సాగదు కనుక పెరిగే కొద్దీ దాన్ని విడిచి కొత్తది తొడుక్కుంటుంది. మల్బరీ పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో తిండి మాని కదలకుండా ఉండడాన్ని పట్టు రైతులు జ్వరం అంటారు.

గొంగళికి ఉరం కింద మూడు జతల నిజమైన కాళ్ళు, ఉదరం కింద సాధారణంగా అయిదు జతల కండకాళ్ళు ఉంటాయి. ఉదరం కింద ఆరు, అంతకంటే ఎక్కువ జతలు ఉంటే అది చిమ్మట పిల్ల కాదు, రంపపు ఈగ పిల్ల. జియోమెట్రిడే గొంగళికి రెండు జతల కండకాళ్ళే ఉండటం వల్ల అది నడుము విల్లులా వంచి, జానతో కొలిచినట్లు కదులుతుంది. ఆముదాన్ని తినే దాసరి పురుగు నడకలోనూ కొంత ఈ వంపు కనిపిస్తుంది.

ప్యూపా కొన్నిటిలో పట్టుగూటిలో, కొన్నిటిలో మట్టిలో, కొన్నిటిలో చుట్టిన ఆకులో ఉంటుంది. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు ప్యూపాగా మట్టిలో దాదాపు పది నెలలు గడిపి, తొలకరి వాన పడగానే రెక్కల పురుగై బయటికి వస్తుంది. అందుకే వేరుశనగ మెట్టల్లో తొలి వానల తర్వాత రాత్రిపూట పొలంగట్ల మీద మంటలు వేసి ఆ పురుగులను రప్పించి చంపే పద్ధతి వచ్చింది.

రెక్కల పురుగు ఆయుష్షు తక్కువ. దసలి పట్టుపురుగు, అట్లాస్ చిమ్మట వంటి సాటర్నిడే జాతులకు పనిచేసే నోరే ఉండదు. గొంగళిగా దాచుకున్న కొవ్వుతో కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి.

ఇంద్రియాలు

చీకట్లో జతను వెతుక్కోవడానికి చిమ్మటలకు వాసనే దారి. ఆడ చిమ్మట విడుదల చేసే లింగాకర్షక రసాయనాన్ని మగది తన స్పర్శశృంగాలతో పసిగడుతుంది. ఈకల్లా చీలి ఉన్న మగ స్పర్శశృంగం ఎక్కువ గాలిని జల్లెడ పడుతుంది. ఇలాంటి రసాయనాల్లో మొదట గుర్తించినది పట్టుపురుగుకు చెందిన బాంబికాల్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం దీని కోసం సుమారు 5 లక్షల ఆడ పట్టు చిమ్మటల గ్రంథులను వాడి, 1959లో ఫలితాన్ని ప్రకటించింది. పత్తి చేలో వేలాడదీసే లింగాకర్షక బుట్టలు ఆ పరిశోధనకు కొనసాగింపు.

చాలా కుటుంబాలకు చెవులున్నాయి. నాక్టుయిడే, ఎరిబిడే కుటుంబాల్లో చెవి ఉరం మీద ఉంటే, జియోమెట్రిడే, పైరాలిడే, క్రాంబిడేల్లో ఉదరం మీద ఉంటుంది. గబ్బిలం వేటలో చేసే అతిధ్వనులను వినడమే దాని పని. గబ్బిలం దూరంగా ఉంటే చిమ్మట దారి మళ్ళుతుంది, దగ్గరగా వస్తే రెక్కలు ముడిచి నేలకు రాలిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త కెనెత్ రోడర్ 20వ శతాబ్దం మధ్యలో ఈ ప్రవర్తనను వివరించాడు. తేనెపట్టులను పాడుచేసే మైనపు పురుగు 300 కిలోహెర్ట్జ్ వరకు వినగలదని 2013లో తేలింది. అంత ఎత్తు స్థాయిలో అరిచే గబ్బిలం ఏదీ ఇంతవరకు తెలియలేదు. టైగర్ మాత్‌లు అనే చిమ్మటల్లో కొన్ని ఎదురు శబ్దాలు చేసి గబ్బిలానికి చేరే ప్రతిధ్వనిని చెడగొడతాయి. చంద్ర చిమ్మటల పొడవాటి తోకలు గబ్బిలం దాడిని శరీరం మీదికి కాక తోక మీదికి మళ్ళిస్తాయి.

సీతాకోకచిలుక నుంచి తేడాలు

బడి పుస్తకాల్లో కనిపించే ‘రాత్రి తిరిగేది చిమ్మట, పగలు తిరిగేది సీతాకోకచిలుక’ అనే గీత నిలవదు. జనుము, గిలిగిచ్చ మొక్కలను తినే యూటిథైసా తెల్ల రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కలతో పట్టపగలే ఎగురుతుంది. మాక్రోగ్లోసమ్ ప్రజాతి హాక్‌మాత్‌లు మధ్యాహ్నపు ఎండలో పూల ముందు గాలిలో నిలబడి తేనె తాగుతాయి. వాటిని చూసి తేనెపిట్ట అని పొరబడేవారున్నారు.

నమ్మదగిన గుర్తు స్పర్శశృంగం. సీతాకోకచిలుకకు దాని కొన గదలా ఉబ్బి ఉంటుంది. చిమ్మటకు దారంలాగానో, ఈకలాగానో, దువ్వెన పళ్ళలాగానో ఉంటుంది. చాలా చిమ్మటల్లో వెనుక రెక్క మొదట్లో ఉండే ముల్లు ముందు రెక్క కింది కొక్కానికి తగులుకుని రెండు రెక్కలూ ఒకటిగా కదిలేలా చేస్తుంది. వాలినప్పుడు రెక్కలను పైకప్పులా వాల్చడమో, బల్లపరుపుగా పరచడమో చిమ్మటల తీరు. ఈ లక్షణాలన్నిటికీ మినహాయింపులున్నాయి కనుక ఏ ఒక్కదాని మీదా ఆధారపడకుండా రెండు మూడింటిని కలిపి చూడాలి.

ముఖ్య కుటుంబాలు

ఎరిబిడే అన్నిటికంటే పెద్ద కుటుంబాల్లో ఒకటి. టైగర్ మాత్‌లు, దాసరి పురుగు, ఎర్ర గొంగళి పురుగు, పండు రసం పీల్చే రెక్కల పురుగులు ఇందులోనివి. రసం పీల్చే యూడోసిమా ప్రజాతి గొంగళులు తిప్పతీగ, దూసరి తీగల ఆకులు తింటాయి. పెద్దయ్యాక బత్తాయి తోటల మీద పడి, గట్టి తుండంతో పండు తొక్కకు రంధ్రం చేస్తాయి. తోటలో ఎన్ని మందులు చల్లినా పక్క కంచెలో తిప్పతీగ ఉన్నంతకాలం వాటికి కొదవ ఉండదు.

నాక్టుయిడేలో పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, కత్తెర పురుగు ఉన్నాయి. క్రాంబిడేలో వరి కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగు, టేకు ఆకును జల్లెడ చేసే పురుగు. లైమకోడిడే గొంగళులు కొబ్బరి, మామిడి ఆకుల మీద ఉంటాయి. వీటిని ముట్టుకుంటే ముళ్ళు గుచ్చుకుని భగ్గున మండుతుంది, అందుకే కొబ్బరి తోటల్లో ఆకుతేలు అనే పేరు వచ్చింది. మునగ మానుకు గుంపులుగా అంటుకుని ఉండే జూలు గొంగళులు యూప్టెరోటిడే కుటుంబానివి. సైకిడే గొంగళులు పుల్లలతో, ఆకు ముక్కలతో సంచి అల్లుకుని అందులోనే బతుకుతాయి. ఇంటి గోడ మీద సున్నపు రంగు చిన్న సంచిలా పాకే పురుగు మాత్రం టైనిడే కుటుంబానిది. అది వెంట్రుకలు, సాలెగూళ్ళ ముక్కలు తింటుంది.

స్ఫింజిడే, అంటే హాక్‌మాత్‌లు, బలమైన శరీరం, ఇరుకు రెక్కలు గలవి. గన్నేరు, నందివర్ధనం మొక్కల మీద తల వెనుక రెండు నీలి కన్నుల్లాంటి మచ్చలతో కనిపించే లావుపాటి ఆకుపచ్చ గొంగళి డాఫ్నిస్ నీరియై. నువ్వు చేలో పెరిగే అకెరోంటియా స్టిక్స్ ఉరం మీద పుర్రె ఆకారపు మచ్చ ఉంటుంది. అది తేనెపట్టులోకి చొరబడి తేనె తాగుతుంది, పట్టుకుంటే కీచుమంటుంది. సాటర్నిడేలో దసలి పట్టుపురుగు, చంద్ర చిమ్మట, 25 సెంటీమీటర్ల దాకా రెక్కలు చాచే అట్లాస్ చిమ్మట ఉన్నాయి. ఇంకో చివరన నెప్టిక్యులిడే కుటుంబపు చిమ్మటలు రెక్కలు చాచినా కొన్ని మిల్లీమీటర్లే. వాటి పిల్లలు ఆకు రెండు పొరల మధ్య సొరంగం తవ్వుకుని పెరుగుతాయి.

వెతికే పద్ధతులు

చిమ్మటలను చూడటానికి ఎక్కువమంది వాడేది దీపం, తెల్ల గుడ్డ. రెండు కర్రల మధ్య తెల్ల పంచె బిగించి, దాని ముందు అతినీలలోహిత కాంతి ఉన్న దీపం వేలాడదీస్తే పురుగులు గుడ్డ మీద వాలతాయి. పాదరసపు ఆవిరి దీపాల స్థానంలో ఇప్పుడు బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీలు వస్తున్నాయి. ఆ దీపం వైపు నేరుగా చూడకూడదు, కళ్ళకు హాని. అమావాస్య దగ్గరి రాత్రులు, ఉక్కపోతగా ఉండి గాలి ఆడని వేళ, వానాకాలపు తొలి వారాలు అనుకూలం. చీకటి పడ్డ మొదటి గంటల్లో వచ్చే జాతులు వేరు, తెల్లవారుజామున వచ్చేవి వేరు. అందువల్ల రాత్రంతా విడతలుగా చూడటం అవసరం.

పురుగులు దీపానికి ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు చంద్రుణ్ణి చూసి దారి పట్టే అలవాటు దీపం వల్ల తప్పుతుందనే వివరణ చాలాకాలం నడిచింది. 2024లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధి బృందం వేగంగా తీసే కెమెరాలతో చేసిన పరిశీలన మరో కారణం చూపింది. ఎగిరే కీటకం వెలుతురు ఉన్న వైపే ఆకాశమనుకుని తన వీపును అటు తిప్పుతుంది. పక్కనున్న దీపానికి వీపు తిప్పిన కొద్దీ దారి వంగి, దాని చుట్టూనే చిక్కుబడుతుంది. అంటే దీపం పురుగును పిలవడం లేదు, పట్టుకుని వదలడం లేదు. దీపం పెట్టిన చోట లెక్కించిన సంఖ్యను ఆ ప్రాంతంలోని మొత్తం చిమ్మటల సంఖ్యగా చూపడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీపానికి రాని జాతులకు ఇతర మార్గాలున్నాయి. మాగిన అరటిపండు, బెల్లం, కొంచెం కల్లు కలిపి పులియబెట్టి చెట్టు మానుకు పూస్తే పండ్ల రసం తాగే జాతులు చేరతాయి. చీమలూ చేరతాయి కనుక మధ్యమధ్య చూసుకోవాలి. పగటిపూట బెరడు మీద, ఆకుల అడుగున, వరండా గోడల మీద వెతకవచ్చు. అన్నిటికంటే ఎక్కువ తెలిసేది గొంగళిని దాని ఆహారపు మొక్కతోనే తెచ్చి పెంచినప్పుడు. గొంగళి రూపం, తిన్న మొక్క, గూడు కట్టిన తీరు, రెక్కల పురుగు రూపం నాలుగూ ఒకే నమోదులోకి వస్తాయి. రెక్కల పురుగుకు బదులు గూటి నుంచి కందిరీగ వంటి పరాన్నజీవి బయటికి వస్తే అది కూడా రాసుకోవాల్సిన ఫలితమే.

గుర్తింపు

వాలిన చిమ్మట ఫొటో తీసేటప్పుడు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే తల దగ్గరగా ఒకటి ఉండాలి. కొలత తెలియడానికి గుడ్డ మీద గళ్ళు గానీ స్కేలు గానీ కనిపించాలి. తేదీ, వేళ, ఊరు, చుట్టుపక్కల చెట్లు రాయని ఫొటోకు శాస్త్రంలో విలువ తగ్గిపోతుంది.

మొదట కుటుంబాన్ని నిర్ణయించాలి. రెక్కలు గోడకు అతుక్కుపోయినట్లు పూర్తిగా పరిచి ఉంటే జియోమెట్రిడే కావచ్చు. లావు శరీరంతో విమానంలా నిలిస్తే స్ఫింజిడే. రెక్కలు కప్పులా వాలి, ముందు రెక్క మీద ఒక గుండ్రటి మచ్చ, దాని పక్కన మూత్రపిండం ఆకారపు మచ్చ ఉంటే నాక్టుయిడే అయ్యే వీలు ఎక్కువ. తరువాత ముందు రెక్కను అడ్డంగా దాటే గీతలు ఎన్ని, ఎలా వంగాయి, అంచు కుచ్చు ఏ రంగు అన్నవి చూడాలి. వెనుక రెక్కను చూపని జాతుల్లో గుర్తు అక్కడే దాగి ఉంటుంది. దాసరి పురుగు ముందు రెక్క మట్టిరంగే గానీ వెనుక రెక్క నలుపు మీద తెల్లని మచ్చలతో స్పష్టంగా ఉంటుంది.

పొలంలో ఈ పని నేరుగా డబ్బుతో ముడిపడింది. వరి పొలంలో పసుపు రంగు ముందు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క ఉన్న ఆడ పురుగు కనిపిస్తే అది కాండం తొలుచు పురుగు తల్లి. శనగపచ్చ పురుగు గుడ్లను విడివిడిగా పెడుతుంది. పొగాకు లద్దె పురుగు వందలాది గుడ్లను ముద్దగా పెట్టి, తన గోధుమరంగు నూగుతో కప్పుతుంది. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకు చేరిన కత్తెర పురుగును గొంగళి తల మీది తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరం గుర్తుతో, తోక వైపు చతురస్రంగా ఉన్న నాలుగు నల్ల చుక్కలతో గుర్తిస్తారు. పురుగు పేరు తప్పయితే లింగాకర్షక ఎర తప్పుతుంది, మందు తప్పుతుంది, చల్లే వేళ తప్పుతుంది.

కొన్ని జాతుల మధ్య తేడా రెక్క మీద అసలు కనిపించదు. అలాంటప్పుడు నిపుణులు జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ 2003లో ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడింగ్ మరో పద్ధతి. మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 650 క్షారాల వరుసను పోల్చి జాతిని నిర్ణయిస్తారు. ఫొటోను బట్టి పేరు సూచించే ఐనాచురలిస్ట్ వంటి వేదికలు మొదలుపెట్టడానికి బాగా పనికొస్తాయి. కానీ యంత్రం చెప్పిన పేరును జాతి స్థాయిలో నమ్మే ముందు నిపుణుడు చూడాలి. ప్రజాతి దగ్గరే ఆగిన నిజమైన నమోదు జాతి దాకా వెళ్ళిన తప్పు నమోదు కంటే మేలైనది. 2012లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన నేషనల్ మాత్ వీక్‌లో ఇప్పుడు అనేక దేశాల ఔత్సాహికులు ఏటా జులైలో పాల్గొంటున్నారు. ఆ నెల మన వానాకాలంతో కలిసి రావడం ఇక్కడివారికి కలిసొచ్చే విషయం.

ప్రకృతిలో పాత్ర

*పరాగసంపర్కం.* రాత్రి విచ్చే తెల్లటి, సువాసన గల, పొడవాటి గొట్టం ఉన్న పూలు చాలావరకు చిమ్మటలకు ఉద్దేశించినవి. ఆకాశమల్లె, ఉమ్మెత్త ఇలాంటివే. దేవగన్నేరు పూలలో తేనె ఉండదు. వాసనకు మోసపోయి వచ్చిన హాక్‌మాత్‌లే పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మోస్తాయి. బొప్పాయికి హాక్‌మాత్‌లు ముఖ్య పరాగవాహకాలని ఆఫ్రికా పరిశీలనల్లో తేలింది.

ఈ బంధానికి చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ మడగాస్కర్ ద్వీపంలోని ఆంగ్రీకం సెస్క్విపెడేల్ అనే ఆర్కిడ్. దాని తేనె సుమారు 30 సెంటీమీటర్ల గొట్టం అడుగున ఉంటుంది. అంత పొడవు తుండం ఉన్న చిమ్మట ఆ దీవిలో ఉండి తీరాలని డార్విన్ 1862లో రాశాడు. అది హాక్‌మాతే అయి ఉంటుందని వాలెస్ 1867లో చెప్పాడు. 1903లో రోత్‌షీల్డ్, జోర్డన్ అలాంటి చిమ్మటను వర్ణించి దానికి ప్రెడిక్టా అని పేరు పెట్టారు. అప్పటికి డార్విన్ మరణించి రెండు దశాబ్దాలు దాటింది.

*ఆహార గొలుసు.* మొక్కలోని ఆకును మాంసంగా మార్చి పై జంతువులకు అందించడంలో గొంగళులకు సాటి వచ్చే జీవులు తక్కువ. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పెట్టేది మెత్తటి పురుగులనే. వానలతో వచ్చే చాతకం, ఇతర కోకిల జాతి పక్షులు మిగతా పక్షులు ముట్టని జూలు గొంగళులను తింటాయి. రాత్రి గబ్బిలాలు, గుడ్లగూబలు, బల్లులు రెక్కల పురుగుల మీద ఆధారపడతాయి. ఆస్ట్రేలియాలో బొగాంగ్ చిమ్మట వేసవి గడపడానికి వెయ్యి కిలోమీటర్ల దాకా ఎగిరి పర్వత గుహలు చేరుతుంది. అక్కడి పర్వత పిగ్మీ పోసమ్ అనే చిన్న జంతువుకు అదే ముఖ్యాహారం. ఆ చిమ్మటల సంఖ్య పడిపోయి, 2021లో వాటిని అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

పరాన్నజీవి కందిరీగలు, ఈగలు కూడా చిమ్మటల మీద బతుకుతాయి. బియ్యపు పురుగును ప్రయోగశాలలో పెంచి, దాని గుడ్లలో ట్రైకోగ్రామా అనే అతి చిన్న కందిరీగను వృద్ధి చేసి, కార్డుల రూపంలో వరి, చెరకు పొలాలకు ఇస్తారు. ధాన్యానికి శత్రువైన చిమ్మట ఇక్కడ ఇతర శత్రువుల అదుపుకు ఆధారమవుతోంది (చూ. జీవ నియంత్రణ).

*కుళ్ళబెట్టడం, కలుపు అదుపు.* ఎండుటాకులు, శిలీంధ్రాలు, వెంట్రుకలు, ఈకలు తినే జాతులు నేలలోకి పోషకాలను తిరిగి చేరుస్తాయి. ఆస్ట్రేలియాలో విపరీతంగా పెరిగిన బొమ్మజెముడును అదుపు చేయడానికి 1926 నుంచి కాక్టోబ్లాస్టిస్ చిమ్మటను విడిచిపెట్టారు. కొద్ది ఏళ్ళలో లక్షలాది ఎకరాలు తిరిగి వాడుకలోకి వచ్చాయి.

*పరిణామానికి సాక్ష్యం.* ఇంగ్లండులోని బిస్టన్ బెట్యులేరియా అనే చిమ్మటలో నల్ల రూపం 1848లో మాంచెస్టర్‌లో కనిపించింది. మసితో నల్లబడిన మానుల మీద పక్షులకు దొరకక ఆ శతాబ్దం చివరికి ఆ ప్రాంతంలో అదే అధికమైంది. గాలి శుభ్రమయ్యాక మళ్ళీ తెల్ల రూపం పుంజుకుంది (చూ. ప్రకృతి వరణం).

మనుషులతో సంబంధం

మల్బరీ, దసలి, ఎరి, ముగా అనే నాలుగు రకాల పట్టూ దొరికే దేశం మనది. మల్బరీ పట్టులో కర్ణాటక తరువాత ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. మల్బరీ పట్టుపురుగు వేల ఏళ్ళ పెంపకం వల్ల ఎగరడం మరిచిపోయింది. దసలి పురుగు అలా కాదు, మద్ది చెట్ల మీద ఆరుబయటే పెరుగుతుంది. తెలంగాణలో గోదావరి ఒడ్డున మహదేవపూర్, చెన్నూరు వైపు అడవుల్లో రైతులు పురుగులను మద్ది కొమ్మల మీదికి ఎక్కించి, పక్షుల నుంచి, చీమల నుంచి కాపాడుతూ పట్టుకాయలు దింపుతారు. అడవి చెట్టును నరకకుండా దాని ఆకు మీద ఆదాయం తెచ్చే కొద్ది వృత్తుల్లో ఇదొకటి (చూ. దసలి పట్టు).

నష్టం వైపు చూస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని 1987–88లో శనగపచ్చ పురుగు, తెల్లదోమలు దెబ్బతీశాయి. 1997–98లో వరంగల్ ప్రాంతంలో లద్దె పురుగు విజృంభించింది. మందులకు తట్టుకునే శక్తిని పురుగులు సంపాదించాయి. అప్పులపాలైన రైతులు అనేకమంది ప్రాణాలు తీసుకున్నారు. ఈ బాధను తక్కువ చేసి చూపకుండానే చెప్పవలసిన విషయం ఒకటుంది. విచక్షణ లేకుండా చల్లిన మందులు ముందుగా చంపింది పురుగును తినే కందిరీగలను, సాలీళ్ళను. తరువాతి పురుగు దాడి మరింత ఉధృతం కావడానికి ఇదొక కారణం.

క్షీణత, పరిరక్షణ

బ్రిటన్‌లో రోథామ్‌స్టెడ్ సంస్థ 1968 నుంచి దేశమంతటా దీపపు ఎరలతో లెక్కలు తీస్తోంది. ఆ లెక్కల ప్రకారం 1968–2017 మధ్య పెద్ద చిమ్మటల మొత్తం సంఖ్య 33 శాతం తగ్గింది. ఆవాసాలు పోవడం, పురుగుమందులు, వాతావరణ మార్పు, రాత్రి వెలుతురు ప్రధాన కారణాలు. చిమ్మటలకు సంబంధించి మన దగ్గర అలాంటి దీర్ఘకాల లెక్క పంట పురుగులకు మాత్రమే జరిగింది. తూర్పు కనుమలు, నల్లమల, గోదావరి అడవుల్లోని చిమ్మటల్లో ఎక్కువ భాగానికి ఏ గొంగళి ఏ మొక్క తింటుందన్న ప్రాథమిక సమాచారం కూడా కావలసి ఉంది.

చేయదగిన పనులు సులువైనవి. వీధి దీపాలకు పైనుంచి మూత ఉంచి వెలుతురును నేలకే పరిమితం చేయడం, నీలి తెలుపు కాంతికి బదులు పసుపు కాంతి వాడటం, అవసరం లేని గంటల్లో ఆర్పడం వల్ల రాత్రి కీటకాలకు హాని తగ్గుతుంది. పొలంగట్ల మీద కంచె మొక్కలను పూర్తిగా కొట్టివేయకుండా కొంత వదిలితే పరాన్నజీవులకు నీడ దొరుకుతుంది. పొలంలో దీపపు ఎరను రాత్రంతా కాక చీకటి పడ్డాక కొన్ని గంటలే వెలిగిస్తే మేలు చేసే కీటకాలు తక్కువగా చస్తాయి. ఉన్నత పాఠశాలలు, డిగ్రీ కళాశాలలు తమ ఆవరణలో ఏడాది పొడవునా నెలకొకసారి ఒక గుడ్డ, ఒక దీపంతో నమోదు చేసినా ఆ జిల్లాకు తొలి చిమ్మటల జాబితా తయారవుతుంది.